అంజన్ గీసిన శాలిబండ ఫౌజు

అంజన్ గీసిన యుద్ధంలో పరాయి సైనికుడు ఒక్కడు కూడా దొరకడు. పాత యుద్ధ చిత్రాలకు చేత్తో నకళ్లు గీయడం ఆయన పని. హోటళ్లవాళ్లు, ఫంక్షన్ హాళ్లవాళ్లు పుస్తకంలోని బొమ్మ తెచ్చిచ్చి గోడంత చేయమంటారు. కోట బురుజులు, కత్తుల వంపులు, ఫిరంగుల పొగ అన్నీ అసలులో ఉన్నట్టే దించుతాడు. మొహాల దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి తానుండే శాలిబండ గల్లీ దాటి పోదు. బల్లెం పట్టినవాడు పాన్ డబ్బా మొగులయ్య అయిపోతాడు. నగారా మోగించేవాడు ఇస్త్రీ బండి బసవయ్య అయిపోతాడు.

"అసలులో మొహాలు కనవడ్తలేవు భాయ్. నాకు కనవడ్డ మొహాలు పెట్టిన" అంటాడు అడిగినవాళ్లతో.

ఈ ఫౌజులో పెద్ద హోదా ఎట్లా వస్తుందో అర్థంకాక అందరికన్నా ఎక్కువ కుమిలిపోయినవాడు ప్రేమ్‌రాజ్. ఆర్టీసీ కండక్టర్. అంజన్‌కు ఎదురిల్లు, చిన్ననాటి దోస్తు. ఆయన చార్మినార్ కాడ "రైట్ రైట్" అంటే ఫలక్‌నుమాలో ఆగిన బస్సు కూడా కదిలేదని చెప్పుకునేవారు. చర్చిలో ఆయన పాట ఎత్తుకుంటే మైకు తీసి పక్కన పెట్టేవారు. అంతటి మనిషికి ఒక యుద్ధంలో ఒంటె ముకుతాడు పట్టుకునే పని దక్కింది. ఇంకోదాంట్లో గుర్రం తోక వెనకాల సగం మొహం. మరోదాంట్లో ఏకంగా శత్రువుల వైపు, అదీ పారిపోతూ.

"ఏందిరా, గిట్ల ఉరుకుతున్నా నేను?"

"మంచిగ చూడు. అందరికన్న ముందున్నవ్."

చాయ్ పోయించనందుకేమోనని ప్రేమ్‌రాజ్‌కు అనుమానమొచ్చింది. వారమంతా చాయ్, వేడి సమోసాలు పంపించాడు. ఆ సమోసాలు తిని గీసిన యుద్ధంలో ప్రేమ్‌రాజ్ వంట డేరా పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్నాడు.

ఎన్నడూ చుక్క పాలు ఊరికే పొయ్యని పాల కొమురమ్మేమో సేనాపతి అయి ఏనుగెక్కింది. తర్వాతి బొమ్మలో దర్జీ ఆనందరావు ఎక్కాడు.

"ఆమెకు మీసాలు పెట్టి మరీ ఎక్కించిండు. నేను మాత్రం ఉల్లిగడ్డల కాడ" అని ప్రేమ్‌రాజ్ భార్య దగ్గర మొత్తుకున్నాడు.

"నువ్వు ఏనుగెక్కితే కింద టికెట్లెవరు కొడ్తరు?" అంది స్వరూప.

అట్లాంటి ప్రేమ్‌రాజ్‌కు గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణానికి ఫికర్ లేదన్నారు డాక్టర్లు. గొంతు మాత్రం గుసగుసగా మిగిలింది. డిపోలో కూర్చుండే పని ఇస్తామని కబురొచ్చినా ఆయన గడప దిగలేదు. చర్చికి పోవడం మానేశాడు. ఎవరన్నా వస్తే స్వరూపే మాట్లాడేది. అంజన్ రోజూ వచ్చి ఎదురుగా కూర్చుని, గుర్రాల గురించి తనే మాట్లాడి తనే జవాబు చెప్పుకుని పోయేవాడు.

ఒకరోజు గల్లీలో లొల్లి వినబడితే ప్రేమ్‌రాజ్ కిటికీలోంచి చూశాడు. కార్వాన్‌లో కొత్త ఫంక్షన్ హాలు కట్టిన నగేష్ తాను గీయమన్న బొమ్మ తీసుకుపోవడానికి వచ్చాడు. అంజన్ దాన్ని బయటికి తెచ్చి, సరిగ్గా ప్రేమ్‌రాజ్ ఇంటికేసి నిలబెట్టాడు.

"అసలులో సేనాపతి నోరు మూసుకున్నడు గద. నీ సేనాపతి ఇంత నోరు తెరిచిండేంది?" అంటున్నాడు నగేష్.

"అర్వకుంటే ఫౌజుకు ఎట్ల ఎరుకైతది సేఠ్?"

ఏనుగు మీద ప్రేమ్‌రాజ్ ఉన్నాడు. చెయ్యెత్తి, మెడ నరాలు పొంగేలా హుకుం ఇస్తున్నాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా శాలిబండ ఫౌజంతా అతనివైపే తిరిగి ఉంది. గుర్రాల చెవులు కూడా అటే నిక్కి ఉన్నాయి.

కొమురమ్మ కిటికీ దగ్గరికొచ్చింది. "నా బర్రెలు రోగమొచ్చి సచ్చిన యేడు నన్నెక్కిచ్చిండు బిడ్డా. దుకాణం కాలినప్పుడు ఆనందరావును ఎక్కిచ్చిండు. దెబ్బ తిన్నోళ్లకే ఆ ఏనుగు. ఇన్నేండ్లు నువ్వు సల్లగున్నవని నిన్ను నిమ్మళంగ ఉల్లిగడ్డలు కొయ్యనిచ్చిండు."

ప్రేమ్‌రాజ్ తలుపు తీసుకుని బయటికొచ్చాడు. బొమ్మ దగ్గరికి పోయి ఏనుగు మీది తన మొహాన్ని పరీక్షగా చూశాడు. అంజన్ చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అన్నాడు.

"ముక్కు పెద్దగైందా? ఏనుగుదా?"

"నాది."

"ఆగు, తగ్గిస్తా" అని అంజన్ కుంచె అందుకున్నాడు. కన్ను చెమ్మగిల్లి ఆ గీత కాస్త వంకరపోయింది. నగేష్ పుస్తకంలో బొమ్మనూ, దీన్నీ మార్చి మార్చి చూసి పుస్తకం మూసేశాడు. "ఇదే మంచిగుంది. ఆయన అరుపు ఇనవడ్తున్నట్టే ఉంది" అని ఆటో ట్రాలీని పిలిచాడు.

హాలు తెరిచిన రోజు శాలిబండ ఫౌజంతా కార్వాన్‌కు కదిలింది. ప్రేమ్‌రాజ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బొమ్మ పక్కనే నిలబడ్డాడు. ఎవరో పెద్దామె వచ్చి తేరిపార చూసింది.

"ఏనుగు మీదున్న దొర ఎవరు బాపు?"

స్వరూప జవాబు చెప్పబోయింది. ప్రేమ్‌రాజ్ చెయ్యెత్తి ఆపాడు.

"నేనే" అన్నాడు.

ఆమెకు వినబడలేదు. "ఆఁ?" అని దగ్గరికొచ్చింది. వెనకవాళ్లు కూడా మాటలాపి దగ్గరికి జరిగారు.

"నేనే అమ్మా" అన్నాడు మళ్లీ, మీసం సవరించుకుంటూ.