పొగల క్యాను

వచ్చే వారం నాకు కీమో మొదలు. ఆ మందుల వల్ల తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చట. అందుకే ముందే అండాశయం నుంచి చిన్న ముక్క తీసి, గడ్డకట్టించి దాచుదామని, జబ్బు తగ్గాక తిరిగి పెట్టొచ్చని విశాఖ డాక్టరమ్మ చెప్పారు. గ్యారంటీ లేదు, ఒక అవకాశం మాత్రమే అని కూడా అన్నారు.

మూడు రోజులుగా ఇది మా అత్తకి ఎక్కలేదు. "కడుపులోది కోసి ఫ్రిజ్జులో ఎడతారా?" అని ఒకటే మాట. ఈ రోజు డాక్టరమ్మ ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టాను. అత్త జీడిపప్పు పొట్టు తీస్తూనే అడిగింది.

"తుఫానొత్తే మా ఉద్దానంలో వారాల తరబడి కరెంటుండదు. మీకూ పోతే ఏటి సేత్తారమ్మా?"

"కరెంటుతో పని లేదండి. లిక్విడ్ నైట్రోజన్ పోసిన క్యాన్‌లో ఉంచుతాం. మూత తీస్తే తెల్లగా పొగలొస్తాయి."

అత్త చెయ్యి ఆగిపోయింది.

"పశువుల డాక్టరు బండి మీద తెచ్చే క్యానా? ఆ మాట ముందే సెప్పొచ్చు గదేటి! అందులోంచి తీసి సూదేత్తేనే గదా మా లచ్చిమికి పెయ్య పుట్టినాది! అందులో మందు తగ్గిపోకుండా సూసుకోండమ్మా. మా ఊల్లో ఓపాలి మర్సిపోనారు, అంతా పాడైపోనాది."

డాక్టరమ్మ నవ్వలేదు. "రోజూ చూస్తామండి" అని బుద్ధిగా ఒప్పుకున్నారు.

లచ్చిమి మా ఆవు. నన్ను తీసుకెళ్లి దాని పక్కన కట్టేసినందుకు కోప్పడాలో వద్దో మీరే చెప్పండి.

గురువారం ఆపరేషన్. అత్త తన సంచి కూడా సర్దేసింది. ఆ క్యాను కళ్లారా చూశాకే నన్ను లోపలికి పంపుతుందట.