లేత నీలం తొడుగు

నిన్న సాయంత్రం నా తొమ్మిదేళ్ళ కొడుకు మా ఇంట్లో నడుస్తున్న సాంచె, అదే మరమగ్గం, పక్కన ఎడమ కన్ను మూసి, కుడి చెయ్యి చాచి, అయిదు వేళ్ళూ విప్పి నిలబడ్డాడు. ఆ నిలబడటం నాకు తెలుసు. వెనక నా ఆరేళ్ళ కూతురు పాత జిరాక్సు కాగితాలు పట్టుకుని, "ఏంది అన్నా, భయమైతుందా? సమురాయి గిట్ల వణుకుతడా?" అంటోంది. పరుగెత్తి మెయిన్ స్విచ్ కొట్టాను. ఆ కాగితాలు నా పెట్టెలోవి. ఆ ఎగతాళి మాట మాత్రం కాగితాల్లో లేదు. ఇరవయ్యేళ్ళ కిందట మా పుట్టింటి వాడ భవాని పేట్‌లో అలాంటి మాటే నేనన్నాను.

కాగితాలు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ తునికాకు వాసన. మా అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే, ఆమె పక్కనే బోర్లా పడుకుని వాటిని చదివేవాళ్ళం. గీసినాయన పక్కింటి నర్సింలు మామ. చద్దర్లకు గ్రాఫు కాగితం మీద గడి గడికీ రంగు నింపి నెమళ్ళూ పూలూ గీసే పని ఆయనది. చిత్తుకాగితాల కుప్పలో దొరికిన ఏదో జపాను బొమ్మల పుస్తకం చిరిగిన పేజీలు చూసి, అదే గ్రాఫు మీద తన సొంత కథ మొదలుపెట్టాడు. వానలు ఆగిపోయిన కాలం, మనుషుల నరాలను నూలుగా లాగి గుడ్డ నేసే యంత్రాల నగరం, యజమాని చనిపోయి ఒంటరిగా తిరిగే ఒక సమురాయి. చద్దరు మీద పువ్వు అంచు ఎలా మెట్లు మెట్లుగా వస్తుందో, ఆయన కత్తి అంచూ అలాగే ఉండేది. తెగిన మెడలోంచి నెత్తురు చతురస్రాలుగా చిమ్మేది. కాలేజీ లైబ్రరీలో తర్వాత ఎన్నో బొమ్మల కథలు చూశాను గాని, అంత భయం, అంత అందం మళ్ళీ దొరకలేదు. మా వాడ దాటి ఆ కథ ఎవరికీ తెలియదు.

వాడలో మాత్రం ఆయనదే రాజ్యం. పిల్లలందరం వెదురు బద్దలతో మోకాళ్ళు పగిలేలా కొట్టుకునేవాళ్ళం, ఏడ్చినవాణ్ణి ఆటలోంచి తీసేసేవాళ్ళం. అందరికీ ఇష్టమైన బొమ్మ ఒకటే: సాంచెలో అటూ ఇటూ దూసుకుపోయే నాడె లాంటి ఇనుప కత్తిని యంత్రం విసిరితే, సమురాయి ఎడమ కన్ను మూసి గాలిలోనే పట్టుకుంటాడు. మామ ఆ చేతికి లేత నీలం పెన్సిలుతో ఇనుప తొడుగు గీసి, రంగు నింపమని నాకే ఇచ్చాడు. అశోక్ చౌక్‌లో జిరాక్సు తీయిస్తే నల్ల సిరా అంతా వచ్చింది, నీలం రాలేదు. పిల్లల చేతుల్లోకి వట్టి చెయ్యి వెళ్ళింది. తొడుగు సంగతి మామకూ నాకూ తెలుసు. నాకు ఒక్కదానికే తెలిసిన సంగతి ఉందన్న గర్వంతో నేనెవరికీ చెప్పలేదు.

నారళి పున్నానికి ముందురోజు. తెల్లారితే సాంచెలు ఆగుతాయి, వాడంతా కొబ్బరన్నం వాసన వస్తుంది, రాఖీ కట్టాలి. బాపు చాయ్‌కి వెళ్ళగానే నా తమ్ముడు శ్రీను నడుస్తున్న సాంచె దగ్గరికి పోయి చెయ్యి చాచాడు. రెండుసార్లు వెనక్కి తీసుకున్నాడు. "ఆడపిల్ల తీర్గ వణుకుతున్నవేందిరా, పో, ఇంట్ల బీడీలు చుట్టు" అన్నాను. మూడోసారి తీయలేదు. నాడె వాడి వేళ్ళు విరిచి, దారి తప్పి, ఇనుప మొనతో కంట్లో దిగింది. సగం నేసిన తెల్ల తువ్వాలు మీద నెత్తురు చతురస్రాలుగా పడలేదు. ధారగా పడింది.

బాపు మగ్గం కర్ర తీసుకుని నేరుగా నర్సింలు మామ ఇంటికి వెళ్ళాడు. "నీ బొమ్మలే నా కొడుకు కన్ను తిన్నయ్" అంటూ గడపలోనే కొట్టాడు. మామ గీసే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అది కూడా విరిగింది. జనం మధ్యలోంచి ఆయన నన్ను చూశాడు. తొడుగు గీశానని ఒక్క మాట అంటే సరిపోయేది. నా వైపే చూస్తూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. అసలు కాగితాలు ఆ వారంలోనే ఆయన పొయ్యిలో పెట్టాడు.

మర్నాడు ఆస్పత్రి మంచం మీద కంటికి కట్టుతో శ్రీను రాఖీ కోసం ఎడమ చెయ్యి చాచాడు. అయిదు వేళ్ళూ విప్పి.

ఇప్పుడు ఆ వాడలో సాంచెలు చాలావరకు తుక్కుకు పోయాయి. నర్సింలు మామ లేడు. నిన్న రాత్రి నిద్రపోతున్న పిల్లల పక్కన కూర్చుని జిరాక్సు మీద లేత నీలం పెన్సిలుతో తొడుగు మళ్ళీ గీశాను.

పొద్దున్నే ఇద్దరినీ పిలిచి అది చూపించాను. "మీ శ్రీను మామ కన్ను పోయింది ఈ బొమ్మతోని గాదు. తొడుగున్నదని నాకు ఎర్కనే, చెప్పలే. పైంగ వాణ్ణి ఎక్కిరించిన. ఈ ముచ్చట మీ మామకు సుత ఇప్పటిదాంక చెప్పలే. ఇప్పుడు ఫోన్ చేస్తున్న. నేను మధ్యల ఆగిపోతే, మీరు నన్ను ఆగనియ్యకుండ్రి."