సున్నాకు కింద ఆరు గీతలు

నా చిన్నప్పుడు ఢిల్లీ జనక్‌పురిలో మేం చదివిన తెలుగు బడిలో ల్యాబ్ అంటే ఎవరికీ భయం ఉండేది కాదు. పై క్లాసు వాళ్ళ ప్రాక్టికల్ ఫైలు తెచ్చుకుని అంకెలు ముందే ఎక్కించుకునేవాళ్ళం. పక్కింటి అక్క ఫైలు నా దగ్గరుండేది. దాంతో నాకెంత పొగరో చెప్పలేను.

తొమ్మిదో క్లాసులో ఐసును మరిగేదాకా వేడిచేసి, మళ్ళీ చల్లారేదాకా నిమిషానికోసారి ఉష్ణోగ్రత రాసే ప్రయోగం వచ్చింది. మా సైన్స్ మేడమ్ ముందురోజు పీరియడంతా తర్ఫీదిచ్చారు. థర్మామీటరు అడుక్కి తగలకూడదు, కన్ను గీతకు సమంగా ఉండాలి, కనబడిందే రాయాలి. ఆ చివరిమాట మూడుసార్లు చెప్పారు. ఎవరు విన్నారు గనక!

నా జోడీ పిల్ల విన్నది. వాళ్ళ నాన్నకు ఢిల్లీ ఆఫీసుకు బదిలీ అయి, శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చింది. హిందీ రాదు. తన యాసకు మేం నవ్వుతామని క్లాసులో నోరు విప్పేది కాదు. మర్నాడు థర్మామీటరు ఐసులో పెట్టగానే, "సున్నాకి కిందుందే. మైనస్ ఆరు!" అంది. తను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి, పాపం.

"అరే, పాగల్ హై క్యా? ఐసు సున్నాలోనే ఉంటుంది. అక్క ఫైల్లో చూడు," అన్నాను. తను పెన్సిలుతో రాసిన ఆరును రబ్బరుతో చెరిపి సున్నా పెట్టాను.

మేడమ్ మా అందరి పుస్తకాలూ తిరగేశారు. అన్నిట్లోనూ సున్నాయే. అప్పుడు చెప్పారు, చూసి రాసేవాళ్ళెవరో తెలుసుకుందామని పొద్దునే ఐసులో ఉప్పు కలిపారట. "ఒక్కరికైనా సున్నా కింద కనబడలేదా?" అని అడిగారు. నా జోడీ చెయ్యి సగం లేచింది. మార్కులు పోతాయన్న భయంతో నేను, "మాకూ సున్నాయే మేడమ్, తనే చదివింది," అనేశాను. ఛీ, ఏం బుద్ధో! లేచిన చెయ్యి దిగిపోయింది.

చెరిపిన మరక మేడమ్ కంట పడింది. పుస్తకం ఆ పిల్ల ముందు పెట్టి, "నువ్వు చూసింది రాయమ్మా," అన్నారు. తను నా వైపోసారి చూసి, నన్ను కాపాడటానికి మళ్ళీ సున్నాయే రాసింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

తర్వాత వరండాలో మేడమ్ నాతో ఒక్కమాట అన్నారు. "థర్మామీటరు పగిలితే ఇంకోటి తెప్పిస్తానే. ఆ పిల్లకి తన కళ్ళమీద నమ్మకం పోతే నువ్వెక్కణ్ణించి తెస్తావు?"

ఆ రోజు నుంచి తను ల్యాబ్‌లో ఏం చదివినా చివర "కదూ?" అని నన్నడిగేది. రెండేళ్ళకు వాళ్ళ నాన్నకు మళ్ళీ బదిలీ అయింది. ఆ రెండేళ్ళూ పక్కనే కూర్చున్నాను, నువ్వు చూసిందే నిజమని మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

ఇప్పుడు ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో మా మనవరాలు "అమ్మమ్మా, మైనే దేఖా", నేను చూశానూ అంటే చాలు, చేతిలో పని వదిలేసి చివరిదాకా వింటాను. కానీ నేను వినాల్సింది ఈ పిల్ల మాట కాదు.