చూసినాను మేడమ్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మార్కాపురంలో ఓ డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పిన ఇన్నేళ్ళలో ఆ కోపం పిల్లలకు మేలే చేసిందనుకునేదాన్ని, ఆ సంవత్సరం వరకు.

పాఠం ఇంట్లో, లెక్కలు క్లాసులో. లాక్‌డౌన్ తర్వాత నేను పట్టిన పద్ధతి అది. పాఠాన్ని వీడియో తీసి యాప్‌లో పెడతాను. పిల్లలు ముందే చూసి రావాలి, క్లాసులో లెక్కలు వాళ్ళే చేయాలి. ఎవరు చూశారో, ఎవరు చూడలేదో యాప్ జాబితా చూపిస్తుంది. రెండు వారాలు ఊరుకుంటాను, మూడోవారం కూడా చూడనివాళ్ళు బయటికే.

దోర్నాల రోడ్డు మీది ఒక పల్లె నుంచి నలుగురు ఆడపిల్లలు బస్సులో వచ్చేవాళ్ళు. అందరివీ కూలికి పోయే ఇళ్ళే. జాబితాలో వాళ్ళలో ఒక్కదాని పేరే పచ్చగా ఉండేది, మిగతా మూడూ ఎర్రగా. వరసగా మూడోవారం కూడా అంతే అయ్యేసరికి ఒళ్ళు మండింది. ముగ్గురినీ లేపాను.

ఇద్దరు తల వంచుకుని వెళ్ళిపోయారు. మూడో అమ్మాయి కదల్లేదు.

“చూసినాను మేడమ్.”

“అయితే యాప్ అబద్ధం చెబుతోందా? పో బయటికి!”

పోయింది. పీరియడంతా వరండాలో నిలబడే ఉంది. మర్నాడు ఆ ఇద్దరూ వచ్చారు గాని తను రాలేదు.

వారమైనా తను రాకపోయేసరికి, పచ్చ పేరున్న పిల్ల స్టాఫ్‌రూముకొచ్చి ఏడ్చేసింది.

“మా నలుగురికీ నా ఫోన్ ఒక్కటే మేడమ్. ఆదివారం ప్రార్థన అయినాక చర్చిలో కూర్చోని అందరం చూస్తాం. అర్థం కాని కాడ ఆపి, మాకు చెప్పేది ఇప్పుడు రాకుండా పోయిన ఆ పిల్లే. మీరు నన్ను మెచ్చుకున్న లెక్కలన్నీ తను నేర్పినవే. అరుస్తారని భయమేసి చెప్పలేదు. ఇప్పుడు వాళ్ళ నాయన చదువు మాన్పించినాడు.”

ఆ ఆదివారం ఆ ఊరు వెళ్ళాను. చర్చిలో చాప మీద ముగ్గురే ఉన్నారు. ఫోన్‌లోంచి నా గొంతు నాకే వినపడింది. ఆపి చెప్పేవాళ్ళు లేక పాఠం దాని పాటికి అది సాగిపోతోంది.

ఆ అమ్మాయి ఇంటికి పోతే వాళ్ళ నాయన మంచం వాల్చి కూర్చోమన్నాడు. తప్పు నాదేనని చెప్పాను. ఆయన గొంతు పెంచలేదు.

“బయట నిలబడేదానికి బస్సెక్కి పోవడమెందుకని నేనే మాన్పించినానమ్మా. చూసినానని చెప్పిందంట గదా మా పిల్ల. ఫోన్ మాట నమ్మినారు, పిల్ల మాట నమ్మలేదు. ఏందమ్మా ఇది?”

సిగ్గుతో తలెత్తలేకపోయాను. “నమ్మలేదు. తప్పయిపోయింది. పంపించండి,” అన్నాను. ఆయన కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల నా వైపు చూడకుండానే తలూపింది.

సోమవారం ఆ పిల్ల క్లాసుకు వచ్చింది. అందరి ముందూ క్షమించమన్నాను, ఆ జాబితా ఇక చూడనని చెప్పాను. మాట మీదే నిలబడ్డాను కూడా. అయినా డిగ్రీ అయ్యేదాకా ఆ పిల్ల ప్రతి క్లాసుకూ గుమ్మం దగ్గర ఆగేది. నేను అడగకపోయినా, “చూసినాను మేడమ్” అని చెప్పి, నేను తలూపాకే లోపలికి అడుగు పెట్టేది.