ఇంటిగలావిడ ఇచ్చిన పొత్తిగుడ్డలు

సాలూరులో మేము అద్దెకున్న ఇంటిగలావిడ పోయింది. అక్కడి నుంచి లోడుతో రాజాం వచ్చిన లారీ డ్రైవరు మా ఆయనకు చెబితే, ఆయన అన్నం ముందు కూర్చుని నాకు చెప్పారు. "పోతే పోనీండి" అన్నాను. నోటి వెంట అదే వచ్చింది. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటారు. ఆవిడంటే నాకు పడేది కాదు, ఇప్పుడూ పడదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ముందు తప్పు నాది.

అరవై ఆరులో, మూడో నెల పిల్లనెత్తుకుని పుట్టింటి నుంచి వచ్చి ఆ ఇంట్లో దిగాను. మా ఆయన లారీ ఆఫీసులో గుమాస్తా. నన్ను దిగబెట్టడానికి మా అమ్మ కూడా వచ్చింది. ఆ సాయంత్రమే ఇంటిగలావిడ తన పాత నేత చీరలు ముక్కలుగా చింపి, అంచులు కుట్టిన పొత్తిగుడ్డలు ఒక మోపెడు తెచ్చి ఇచ్చింది. వెన్నలా ఉన్నాయి. ఆవిడ వెళ్లగానే మా అమ్మ, మొగుడు పోయిన మనిషి కట్టి విడిచిన గుడ్డ పసిబిడ్డకు తగలకూడదంది. వాటిని పొయ్యి దగ్గర మసిగుడ్డలుగా పడేశాను. వారం తిరక్కుండానే, నిప్పు కోసం వచ్చిన ఆవిడ, నేను ఆ గుడ్డతోనే అన్నం గిన్నె దించుతుంటే చూసింది. నిప్పు తీసుకోకుండా వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి నూతి దగ్గర మాకు యుద్ధమే. ఉచ్చగుడ్డల బకెట్టు గట్టుకు దూరంగా పెట్టమనేది. దండెం మీద గుడ్డలు ఒకదాని మీద ఒకటి వేస్తే లోపలి చెమ్మ ఎప్పటికి ఆరుతుందనేది. అడిగింది సబబే అయినా ఆవిడ నోటి నుంచి వస్తే తిట్టులాగే ఉండేది. నేనూ తక్కువ తినలేదు. ఆవిడ వినేలా చేద విసిరికొట్టేదాన్ని.

నాకు ఒకటే గర్వం, నా గుడ్డల తెలుపు. గుప్పెళ్లతో చాకలిసోడా వేసి నానబెట్టి, రెండుసార్లు జాడించి, నీలిమందు పెట్టేదాన్ని. వీధిలో ఆడవాళ్లు ఆగి చూసేవారు. ఆ తెల్లటి గుడ్డల్లోనే నా పిల్ల తొడలు ఎర్రబడి, తోలు ఊడి, పచ్చి పుండ్లయ్యాయి. కాంపౌండరు ఇచ్చిన మందు రాస్తే ఇంకా గుక్కపట్టేది. తడిపినప్పుడల్లా ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోయేది. పిల్ల దక్కదేమోనని భయమేసింది.

ఒక పొద్దున్న ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి, గుడ్డలు ఎలా ఉతుకుతున్నావని అడిగింది.

"మీ గుడ్డే వద్దనుకున్నదాన్ని, మీ మాట నాకెందుకు?" అన్నాను.

ఆవిడ మొహం మాడిపోయింది. దండెం దగ్గరకు వెళ్లి, ఆరిన గుడ్డ ఒకటి లాగి, దాని మూల నోట్లో పెట్టుకుని చప్పరించింది. కాండ్రించి ఉమ్మింది. ఇంకో మూల తెచ్చి నా మూతికి ఆనించింది.

"నాలిక మీద ఎట్టి సూడే గుంటా. సోడా అంతా గుడ్డలోనే ఉండిపోనాది. తెలుపు నీకు గాని, పిల్ల పిర్రలకేటి తెలుస్తాది?"

వీధి వీధంతా చూస్తోంది. నాలుక పెట్టాను. చురుక్కుమంది.

సోడా పొట్లం తనే తీసుకెళ్లి మురుక్కాలవలో పారేసింది. ఆ తర్వాత వారం రోజులు నన్ను నూతి దగ్గరకు రానివ్వలేదు. తనే నీళ్లు తోడి, ఒక్కో గుడ్డకు ఏడు నీళ్లు మార్చేది. "జాడించిన నీళ్లు తాగీలా ఉండాల" అనేది. మెలిపెట్టి పిండకుండా అరచేతులతో ఒత్తేది. ఆరాక దులిపి, మోకాళ్ల మీద పరిచి మడతపెట్టేది. ప్రతి గుడ్డా నాలుకకు తగిలించి చూసేది. నా పిల్ల ఉచ్చగుడ్డ అది. పదో రోజుకు పిల్ల నవ్వింది. నేను మాత్రం ఆవిడతో ఒక్క మంచి మాట అనలేదు. వీధిలో పరువు తీసిందన్న కోపాన్నే పట్టుకు వేలాడాను. మా ఆయనను రాజాం ఆఫీసుకు మార్చినప్పుడు చెప్పకుండానే బండెక్కాను. ఆవిడా తలుపు తీయలేదు.

ఇప్పుడు నాకు రెండోవాడు, నెల దాటింది. అమ్మ సాయానికి వచ్చి ఉంది. కబురు విన్న మర్నాడు వంటింట్లో మసిగుడ్డల్లో వెతికితే ఆవిడ గుడ్డ ఒకటే మిగిలి ఉంది. కుంకుడు రసంలో ఉడకబెట్టి, ఏడు నీళ్లు మార్చి, నాలుక మీద పెట్టి చూశాను. చప్పగా ఉంది. ఎవరి గుడ్డ అని అమ్మ అడిగింది. ఇంటిగలావిడది అన్నాను. ఇలా ఇమ్మని చెయ్యి చాపింది. ఇవ్వలేదు. అమ్మ చూస్తుండగానే బిడ్డకు కట్టాను.

ఇందాక వాడు తడిపాడు. ఉతికి ఆరేశాను. ఇన్నేళ్లయినా ఎక్కడా చిరగలేదు, కుట్టు ఊడలేదు. గిన్నె దించినప్పటి నా నాలుగు వేళ్ల మసి మాత్రం వదల్లేదు.