సంగమ్మ ఇంటికి నేను మొదటిసారి వెళ్లిన రోజు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి బయటికి వెళ్లిపోయే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో చాలా ఏళ్లు కంపౌండరుగా పనిచేశాను. గాలి సోకిందని ఎడ్లబండిలో వేసుకొచ్చినవాళ్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు. థర్మామీటరు పెడితే జ్వరం బయటపడేది, లేకపోతే రెండు రోజులుగా కడుపులో తిండి లేదని తేలేది. మా ఇంట్లో ఆదివారం చర్చికి పోవడం తప్ప ఇంకో నమ్మకం లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నా అభిప్రాయం మారలేదు. అయినా డెబ్బైల చివర, ఒక చెరకు కోతల కాలంలో జరిగిన సంగతి మాత్రం నాకు ఈ రోజు వరకు అర్థం కాలేదు.

ముందు నా తప్పు చెప్పాలి. అది దాచి మిగతాది చెబితే న్యాయం కాదు.

అప్పట్లో దద్దుర్లకు, దురదకు, తుమ్ములకు మా డాక్టర్ గారు ఒక చిన్న పసుపు మాత్ర రాసేవారు. మంచి మాత్రే, కానీ మత్తు ఎక్కువ. డబ్బాలోంచి తీసి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేది నేనే కాబట్టి జాగ్రత్తలు చెప్పే పని కూడా నాదే. ఇది మింగితే నిద్ర వస్తుంది, బండి నడపొద్దు, కొడవలి పట్టొద్దు, బావి గట్టున కూర్చోవద్దు. కల్లు తాగిన రోజు వేసుకోవద్దు. ఒకదానితో తగ్గలేదని వెంటనే రెండోది మింగొద్దు. వేరే దగ్గు మందు తాగుతుంటే ముందు మాకు చెప్పాలి, అందులోనూ ఇలాంటి మత్తుమందే ఉండొచ్చు. ఎవరికి రాస్తే వాళ్లే మింగాలి, పసిపిల్లలకు అసలే పెట్టొద్దు.

నాకు ప్రతి మాటా రెండుసార్లు చెప్పే అలవాటు ఉండేది. "కొడవలి పట్టకు, కొడవలి పట్టకు" అనేవాణ్ణి. దవాఖాన ఊడ్చే ఆమె కూడా నన్ను అనుకరించి నవ్వించేది.

ఆ వారం దవాఖాన గోడలకు సున్నం వేయించాం. పాత సున్నం గీకిన దుమ్ముకు రెండు రోజులు ఆగకుండా తుమ్మాను. మూడో రోజు పొద్దున పని మొదలుపెట్టే ముందు ఒక పసుపు మాత్ర వేసుకున్నాను. తుమ్ములు తగ్గలేదు. గంట తిరక్కుండానే రెండోది వేసుకున్నాను. గొంతు గరగరగా ఉందని అల్మారాలో ఉన్న దగ్గు మందు కూడా రెండు మూతలు తాగాను. రోజూ ఊరందరికీ వద్దని చెప్పే పనులు, నేనే వరసగా చేశాను. డాక్టర్ గారికి చెప్పలేదు. ఇంతకాలం మందుల దగ్గర ఉన్నవాణ్ణి, నాకేమవుతుందని ఒక పొగరు.

పదిన్నర ప్రాంతంలో శివమ్మ అనే ఆమె వచ్చింది. రాయికోడ్ పక్క పల్లె నుంచి. ఇరవై ఏళ్లుంటాయేమో. చెరకు ఆకు గీసుకుని చేతుల నిండా, మెడ నిండా దద్దుర్లు. చంకలో అయిదు నెలల ఆడపిల్ల. ఆ పిల్లకు జలుబు. డాక్టర్ గారు ఇద్దరినీ చూసి, తల్లికి అయిదు మాత్రలు రాశారు, రాత్రి పిల్లకు పాలిచ్చిన తరువాత ఒక్కటి. పిల్లకు ఏ మందూ అక్కర్లేదన్నారు, ముక్కు తుడుస్తూ ఉంటే చాలన్నారు. తరువాత నా వైపు తిరిగారు.

"దానయ్యా, పిల్లకు పెట్టొద్దని గట్టిగ చెప్పు. ఇంట్ల ముసలోళ్లు ఉంటరు, ఏడుపు ఆపనీకి సగం గోలి పెడ్తరు. గంత చిన్న పిల్లకు దమ్ము ఆగిపోతది."

నేను తలూపాను. పొట్లం కట్టడం గుర్తుంది. ఆమె చేతిలో పెట్టడం గుర్తుంది. ఆమె ఏదో అడగబోయి, నా మొహం చూసి ఆగిపోవడం కూడా గుర్తుంది. నాలుక మొద్దుబారిపోయింది. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తోంది గానీ మాట రావడం లేదు. ఆమె వెళ్లిపోయింది. ఆ తరువాత ఇద్దరు ముగ్గురికి కట్లు కట్టానట. అది నాకు గుర్తులేదు. లోపలి గదిలో బల్ల మీద ఒరిగిపోయాను.

ఒంటిగంటకు డాక్టర్ గారు భోజనానికి లేస్తూ నన్ను కుదిపి చూశారట. మూలిగాను గానీ లేవలేదు. నాడి, ఊపిరి చూసుకుని, పడుకోనిద్దామని ముందు తలుపుకు బయట తాళం వేసుకుని వెళ్లారు. వెనక తలుపుకు సున్నం డ్రమ్ములు అడ్డంగా ఉన్నాయి. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో తరువాత తెలుస్తుంది.

మూడున్నరకు ఆయన వచ్చి తాళం తీసి, మొహం మీద నీళ్లు చల్లి లేపారు. ఎక్కడ పడుకున్నానో అక్కడే ఉన్నాను. కల కూడా రాలేదు. కళ్లు తెరవగానే తట్టింది ఒక్కటే, శివమ్మకు నేను ఏమీ చెప్పలేదు.

ఉన్నదున్నట్టు డాక్టర్ గారికి చెప్పేశాను. రెండు మాత్రలు, దగ్గు మందు, అన్నీ. తిడతారనుకున్నాను. ఆయన తిట్టలేదు.

"రాయికోడ్ బస్సు ఎన్నిటికి?" అన్నారు.

చీటీల పుస్తకంలో ఊరి పేరు, ఇంటి పేరు చూసుకుని బస్టాండుకు పరుగెత్తాను. బస్సు నిండా జనం. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను, తల ఇంకా తూలుతూనే ఉంది. నా కళ్లకు ఆ అయిదు నెలల పిల్ల ముక్కు తప్ప ఏమీ కనబడలేదు. ఆ దారి పొడుగునా నేను చేసిన ప్రార్థన ఇక్కడ రాయను.

పల్లెలో దిగేసరికి ఇంకా ఎండ ఉంది. ఆ ఇల్లు ఏ వీధిలోనో అడిగి తెలుసుకున్నాను. దగ్గరికి పోతున్న కొద్దీ ఏడుపులు వినిపిస్తాయేమోనని చెవులు రిక్కించాను. ఏమీ లేదు. గడపలో ఒక పెద్దావిడ చేటలో జొన్నలు చెరుగుతోంది. శివమ్మ అత్త, పేరు సంగమ్మ అని తరువాత తెలిసింది. నేను నోరు తెరిచే లోపల ఆమే తలెత్తింది.

"మల్ల వచ్చినవా సారూ? నువ్వు చెప్పినట్లే చేసిన గదా."

నన్ను ఎవరో అనుకుంటోంది అనుకున్నాను. "అవ్వా, నేను జహీరాబాద్ దవాఖాన నుంచి ఇప్పుడే వస్తున్న. పిల్ల ఏది?" అన్నాను.

లోపల చీర ఉయ్యాలలో ఉంది. వంగి ఛాతీ మీద చెయ్యి పెట్టాను. ఊపిరి చక్కగా ఆడుతోంది. నా చెయ్యి చల్లగా తగిలిందేమో, ఒక్కసారి గొంతెత్తి ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను మళ్లీ వినలేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

సంగమ్మ పిల్లను ఎత్తుకుని, నన్ను వింతగా చూస్తూ చెప్పింది.

"పొద్దు జర వాలినంక వచ్చినవ్ గదా. కోడలు ఇంటికి రాంగనే గోలి మింగి పండింది, లేపితే లేస్తలేదు. పిల్ల ముక్కు పట్టుకపోయి ఒకటే ఏడ్పు. ఉగ్గుగిన్నెల సగం గోలి అరగదీసి పాలు కలిపిన. గడపల నిలబడి పెట్టకు, పెట్టకు అంటివి. పారబోసిన. నీ కోడలు మత్తుల ఉన్నది, పిల్లను ఆమె పక్కల పండబెట్టకు, పండబెట్టకు అంటివి. మత్తు దిగేదాంక చెరుకు కొట్టనీకి తోలకు, తోలకు అంటివి. అన్ని రెండుసార్లే. నాకు చెవుడు అనుకున్నవా ఏంది?"

ఆమెను నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఆమె మా దవాఖానకు ఎన్నడూ రాలేదు, అసలు ఆ ఏడాది జహీరాబాద్ మొహమే చూడలేదు.

"వచ్చింది నేనేనా అవ్వా? సరిగ్గ చూసి చెప్పు" అన్నాను.

ఆమె నన్ను పై నుంచి కింద దాకా చూసింది. "నువ్వే. గీ అంగీనే, జేబు మీద గీ ఊదా మరకనే. గప్పుడు కాళ్లకు చెప్పుల్లేవ్, గిప్పుడు ఉన్నయ్. గంతే ఫరక్. నీళ్లు తెస్తనని లోపలికి పోయి వచ్చేవరకు లేకపోతివి."

బల్ల మీద ఒరిగే ముందు విడిచిన చెప్పులు, డాక్టర్ గారు లేపినప్పుడు కిందే ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు నేను చెప్పలేదు.

ఉగ్గుగిన్నె చూపించమన్నాను. అడుగున పసుపు రంగు అంటుకుని ఉంది. పొట్లం తీసి చూస్తే మూడున్నర మాత్రలు ఉన్నాయి. తల్లి మింగింది ఒకటి, గిన్నెలో అరగదీసింది సగం. లెక్క సరిపోయింది.

అప్పటికి శివమ్మ లేచి, గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లు ఇంకా బరువుగానే ఉన్నాయి. పొద్దున నేను ఏమైనా చెప్పానా అని ఆమెను అడిగాను. నా ఆశంతా ఆ జవాబు మీదే ఉంది. మత్తులో నేనే చెప్పి మరిచిపోయి ఉంటే, కోడలు అత్తకు చెప్పి ఉంటే, అంతా అక్కడితో తేలిపోతుంది.

"ఏం చెప్పలే సారూ. గోలీలు చేతుల పెట్టిన్రు గంతే. ఎప్పుడు మింగాల్నో అడుగుదమనుకున్న. మీకు పానం బాగలేదని ఊకున్న."

రాత్రి మింగమని డాక్టర్ గారు అన్నది కూడా ఆమె చెవికి సరిగా పట్టలేదట. దురద ఓర్చుకోలేక ఇంటికి రాగానే మింగేసింది. అత్తతో మాట్లాడే లోపలే నిద్ర ముంచుకొచ్చింది. నేను జాగ్రత్తలన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కొక్కటి నేను సగం చెప్పేసరికి సంగమ్మ మిగతా సగం పూర్తి చేసింది.

మరునాడు డాక్టర్ గారికి ఇదంతా చెప్పాను. అటు సర్కారు దవాఖాన మనిషి ఎవరైనా పోయి ఉంటాడన్నారు. విచారించాను. అక్కడున్న కంపౌండరు నాకంటే చాలా పెద్దవాడు, బట్టతల, ఆ రోజు ఆ పల్లె వైపే పోలేదు. ఆ అత్తాకోడళ్లు నీతో తమాషా చేసిన్రేమో అన్నారు. తాము పిల్లకు మాత్ర కలిపామని ఎవరు తమాషాకు చెప్పుకుంటారు? రెండు మాత్రల మత్తులో నువ్వే లేచి పోయి వచ్చావేమో అని కూడా అనబోయి, మధ్యలో ఆగిపోయారు.

"తాళం నేనే ఏసిన గదా" అన్నారు, తనలో తాను.

తరువాత ఆయన ఆ సంగతి ఎత్తలేదు. దవాఖానలో మాత్రం ఒక పద్ధతి పెట్టారు. ఆ మాత్ర మింగిన మనిషి ఎవరైనా సరే, ఆ రోజు మందుల దగ్గర నిలబడకూడదు, ఇంటికి వెళ్లి పడుకోవాలి. నేను కూడా ఒకటి మార్చుకున్నాను. చెప్పి పంపడంతో సరిపెట్టకుండా, ఏమి విన్నారో వాళ్ల నోటితో చెప్పించుకునే వరకు పొట్లం ఇచ్చేవాణ్ణి కాదు.

ఎనభైల మధ్యలో శివమ్మ ఒకసారి కూతురిని తీసుకుని వచ్చింది. పిల్లకు ఏడేళ్లు దాటాయి, కాలికి గాజుపెంకు గుచ్చుకుంది. నేను కట్టు కడుతుంటే ఏడవకుండా నా మొహమే చూస్తోంది. నాయనమ్మ తనకు ఆ కథ చాలాసార్లు చెప్పిందట.

"సారూ, గా దినం మా ఇంటికి ఎట్ల వచ్చిన్రు? బస్సులనా, నడుసుకుంటనా?" అని అడిగింది.

"నాకు తెల్వదమ్మా" అన్నాను.

నేను పరాచికం ఆడుతున్నాననుకుని ఆ పిల్ల వాళ్ల అమ్మ వైపు చూసి నవ్వింది. శివమ్మ నవ్వలేదు. రాలేదని చెబుదామంటే ఎదురుగా ఆ పిల్ల ఉంది. వచ్చానని చెబుదామంటే నాకు దారి గుర్తులేదు. కట్టు ముడి వేసి, రెండు రోజులు తడపొద్దని చెప్పి పంపించాను.