సిరా పెట్టించుకోవడమే ఓటు

అమెరికాలో నల్లవాళ్లు ఓటు హక్కు కోసం చేసిన ఊరేగింపుల మీద మాట్లాడమని, తొంభైలలో పాకాల పక్క పల్లెకు నన్నొక మిత్రుడు పిలిచాడు. ఊళ్లో పెద్ద రైతు. నాలాగే నాస్తికుడు. తిరుపతికి ఇంత దగ్గరలో పుట్టి కూడా ఒక్కసారీ కొండెక్కలేదని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ సాయంత్రం దళితవాడ వాళ్లను పిలిచి తన ఇంటి తిన్నె మీదే కూర్చోబెట్టాడు. నాకు ముచ్చటేసింది.

వంతెన మీద నడిచి వస్తున్న వాళ్లను పోలీసులు లాఠీలతో కొట్టడం, చదువు రాదనే సాకుతో గుమాస్తాలు వెనక్కి పంపడం, ఓటరుగా పేరు రాయించుకున్న కూలీలకు పని పోవడం, అన్నీ చెప్పాను. మిత్రుడు కండువాతో కళ్లొత్తుకున్నాడు.

అతని చేలల్లో కూలి చేసే అవ్వ ఒకామె నోరు తెరిచింది.

"ఓటు కోసరం తన్నులు తిన్నారా? మాకా బాధ లేదప్పా. పొయ్యేది, ఏలికి సిరా పెట్టిచ్చుకునేది, వచ్చేసేది."

"ముద్ర వెయ్యవా అవ్వా?"

"యాడ?"

"వాళ్లిచ్చే కాగితం మీద."

"కాగితం ఆడ కూర్చోనుండే అయ్య మనిషికి ఇచ్చేస్తాము గదా! మా యత్త కాలం నుంచీ అంతే." గడ్డంతో మిత్రుణ్ణి చూపింది.

అతను తల దించుకుంటాడేమోనని చూశాను. లేదు. "వాళ్లకు సదువు రాదప్పా. ముద్ర తప్పు పడితే ఓటు మురిగిపోతాది," అన్నాడు తాపీగా.

"ఆ గుమాస్తాలు అన్నదీ అదే కదయ్యా! ఇప్పుడే కదా కళ్లు తుడుచుకున్నావు!"

"అది అమెరికా అబ్బా."

బాబాలతో, పురోహితులతో వేదికలెక్కి వాదించినవాణ్ణి. అతనితో వాదన మానేసి అవ్వ వైపు తిరిగాను.

అవ్వ అడిగింది: "అయితే ముద్ర నేనే ఎయ్యొచ్చునా?"

"నువ్వే వెయ్యాలి. ఎవరికేశావో ఎవరికీ చెప్పనక్కర్లేదు."

తర్వాత వచ్చిన పంచాయతీ ఎన్నికల్లో మిత్రుడే సర్పంచి పదవికి నిలబడ్డాడు. పోలింగు రోజు మళ్లీ వెళ్లాను. వాడ వాడంతా కలిసి నడిచి వచ్చింది, అవ్వ ముందు. బడి గదిలో మిత్రుడి మనిషి అలవాటుగా చెయ్యి చాపాడట. ఆమె కాగితాన్ని గుప్పిట్లో పట్టుకుని అట్టపెట్టె చాటుకు పోయిందట.

బయట మిత్రుడు కాచుకుని ఉన్నాడు. "ఎవరికేసినావు?"

"సెప్పనక్కర్లేదంట అయ్యా."

అతని మొహం మాడిపోయింది. తిరుమల కొండ వైపు చెయ్యెత్తి, "ఆ ఏడుకొండలోడి మింద ప్రమాణం చేసి సెప్పు, నాకే ఏసినానని!" అని అరిచాడు.

అవ్వ అమాయకంగా అడిగింది: "దేవుడు లేడని నువ్వే గదయ్యా సెప్పింది?"

ఆ ఏడు మిత్రుడి చేలో చెనక్కాయలు పెరకడానికి ఆమెను పిలవలేదు.